ఆరిన పక్క

పరుపు మళ్ళీ తడిసింది.

లాండ్రీ అక్క గుమ్మంలోనే ఆగిపోయి మంచం వంక చూసింది. నీలిగళ్ళ దుప్పటి నడిమధ్యన పళ్ళెమంత మరక. మంచం కోడు పక్కన గోడకి అతుక్కుని ఎనిమిదేళ్ళ చీమ నిలబడి ఉంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కాలి బొటనవేలితో గచ్చుని గీకుతోంది.

"ఇవాళ కూడానా?" అన్నాడు మొగుడు వెనకనుంచి. సగం గీసిన గడ్డానికి సబ్బు నురగ అలాగే ఉంది.

"కళ్ళెదురుగా కనపడుతుంటే మళ్ళీ అడగడమెందుకు?"

"అడక్కపోతే ఎలా? వరసగా మూడు రోజులు!"

"అయితే ఏం చెయ్యమంటారు? పిల్లని పిండి తీగ మీద ఆరెయ్యమంటారా?"

ఆయన అద్దం దగ్గరికి వెళ్ళిపోయాడు. అద్దం ముందు అప్పటికే పెద్దది జడ వేసుకుంటోంది. ఆ ఇంటి సొంత కూతురు, పదో తరగతి, ఈ మధ్య ప్రతి మాటకీ ముల్లు గుచ్చకుండా ఉండలేని వయసు.

"అమ్మా, నా యూనిఫాం కూడా కంపు కొడుతోందేమో ఒకసారి చూడు. బడిలో నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు."

"ఏమీ కొట్టట్లేదు, పో."

"నీకేం తెలుస్తుందిలే. నీ ముక్కు ఆస్పత్రిలోనే చచ్చిపోయింది."

పదేళ్ళకి పైగా ఆస్పత్రి లాండ్రీలో పని చేసింది కాబట్టి వీధి వీధంతా ఆమెని లాండ్రీ అక్క అనే పిలుస్తుంది. పని మానేసినా పేరు మానలేదు. మాన్పించింది చీమే. పెంపకానికి పిల్లలనిచ్చే ఆఫీసువాళ్ళు పెట్టిన షరతుల్లో అదొకటి: ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరు పగలూ రాత్రీ పిల్లని కనిపెట్టుకుని ఉండాలి. ముసలివాళ్ళు లెక్కలోకి రారు. ఇంకొకటి: పిల్లకి విడిగా మంచం, కిటికీ ఉన్న గది ఉండాలి. అందుకే ఇరుకు సందులోని ఒంటిగది వదిలేసి ఈ మేడమీది వాటాలోకి మారారు.

వంటింటి గడపమీద టీ గ్లాసుతో కూర్చున్న అత్తగారు గొంతు సవరించుకుంది.

"చీమలకి వానొచ్చేది ముందే తెలుస్తుందంటారు. మన చీమ ఇంకా నయం, వానని తనే తెచ్చుకుంటోంది, అదీ ఇంట్లోకి."

పెద్దది పకపకా నవ్వింది. చీమ గచ్చుని గీకడం ఆపింది.

ఆ పేరు పెట్టింది కూడా అత్తగారే. వచ్చిన కొత్తలో పిల్ల పళ్ళెంలో రొట్టె ముక్కని తుంపులు చేసి, ఎవరూ చూడకుండా ఒక్కొక్కటే తలగడ కిందికి చేరవేసేది. "ఇదేం పిల్లే, చీమ!" అంది ముసలావిడ. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉండిపోయింది. ఇంట్లో ఇది నిలబడింది.

"మీరు టీ తాగండి అత్తయ్యా," అంది లాండ్రీ అక్క.

"తాగుతూనే ఉన్నా. నోటికి రెండు పనులూ వచ్చు."

పెద్దది సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. మొగుడు మొహం తుడుచుకుని వచ్చి పరుపు ఒక కొస పట్టుకున్నాడు. మొగుడూ పెళ్ళామూ దాన్ని ఎత్తుకుని డాబా మీదికి బయల్దేరారు. మెట్ల మలుపులో ఇరుక్కుంది. ఆయన తోశాడు, ఆమె లాగింది. ఇద్దరి మొహాలకీ మధ్యన పరుపు అడ్డం.

అలా అడ్డం ఉన్నప్పుడే ఆయన ఆ మాట అన్నాడు. ఎదురుగా నిలబడి అనే ధైర్యం లేక కావచ్చు.

"నిన్న ఆ మేడమ్‌కి ఫోన్ చేశాను."

ఆమె లాగడం ఆపింది. "ఏ మేడమ్‌కి?"

"ఎంతమంది మేడమ్‌లున్నారు మనకి? పెంపకం ఆఫీసు మేడమ్. పిల్ల మళ్ళీ పక్క తడుపుతోందని చెప్పాను. ఇవాళ మధ్యాహ్నం వస్తానంది."

పరుపు డాబా చేరింది. పిట్టగోడ మీద వాల్చారు. కింద వీధిలో ప్రింటింగ్ ప్రెస్ మిషను దడదడలాడుతోంది.

"నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెప్తే వద్దనేదానివి."

"వద్దనేదాన్నే. రెండు రోజులాగితే సర్దుకుంటుందని చెప్పేదాన్ని. పిల్ల కడుపులో ఏం బెంగ పెట్టుకుందో కనుక్కుందామనేదాన్ని."

"నువ్వు కనుక్కునేలోగా నెలాఖరు వస్తుంది. అప్పుడు బెంగ మనం పెట్టుకోవాలి."

పోయిన వారమే కదా ఆ మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని మరీ మెచ్చుకుంది. పిల్ల నిద్రలో అరవడం మానేసింది, పక్క తడపడం మానేసింది, తిండి తింటోంది, బడిలో పక్కపిల్లతో మాట్లాడుతోంది. "ఇదంతా మీ చలవేనమ్మా. ఇక ఈ పిల్లకి ప్రత్యేక భత్యం అక్కర్లేదు. వచ్చే నెలనుంచి మామూలు భత్యం చాలు." ఆ మెప్పుని పువ్వులా పట్టుకుని వచ్చింది లాండ్రీ అక్క. ఇంటికొచ్చేసరికి అది ఉరితాడైంది.

దెబ్బతిన్న పిల్లల్ని సాకే ఇళ్ళకి ఆఫీసు నెలనెలా అదనంగా ఇచ్చే ఆ ప్రత్యేక భత్యంలోంచే ఈ వాటా అద్దె వెళ్తోంది. మొగుడు పనిచేసే లేత్ షెడ్డులో ఆర్డర్లు పడిపోయి, వారంలో సగం రోజులు మిషన్ల మీద గోనెలు కప్పేస్తున్నారు. మామూలు భత్యం పిల్ల తిండికీ బడికీ సరిపోతుంది. గోడలకీ కిటికీకీ సరిపోదు. అద్దె కట్టలేకపోతే గది ఉండదు. గది లేకపోతే పిల్ల ఉండదు.

"పిల్లకి జబ్బు తిరగబెట్టిందని సంతోషంగా ఫోన్ చేశారన్నమాట," అంది ఆమె.

"సంతోషమా?" ఆయన గొంతు పగిలింది. "ఏ మొహం పెట్టుకుని చేశాననుకున్నావు? కానీ తడిసిన మాట నిజమా కాదా? నేనేమైనా కల్పించి చెప్పానా? ఉన్నదే చెప్పాను."

"ఉన్నదే చెప్పారు."

"మరి?"

ఆమె పరుపు మీది తడి దుప్పటి లాగి చుట్టచుట్టింది. ఆయన పిట్టగోడ మీద జారుతున్న పరుపుని సర్ది, "ఆవిడ వచ్చేసరికి వచ్చేస్తాను," అని షెడ్డుకి వెళ్ళిపోయాడు.

డాబా మీద కుళాయి పక్కన బట్టలుతికే రాయి ఉంది. ఆమె బకెట్టు కింద పెట్టి, దుప్పటి విప్పింది.

మొన్నా నిన్నా ఆమె లేచేసరికే అత్తగారు దుప్పటి తీసి సబ్బునీళ్ళలో ముంచేసింది. "నా చేతులేం పడిపోలేదు, నేనూ ఒక బట్ట నానబెట్టగలను," అంది. ఇవాళ మోకాలు పట్టేసి ఆవిడ ఆ మంచం దాకా రాలేదు.

ఉతకబోయే బట్టని ముందు వాసన చూడటం ఆమెకి లాండ్రీలో పట్టిన అలవాటు. అక్కడ దుప్పట్లే రోగుల సంగతి చెప్పేవి. నెత్తురు, మందు, చెమట, వాంతి ఒక్కోటీ ఒక్కో గంగాళంలోకి వెళ్ళాలి. పెద్దది అనుకున్నట్టు ముక్కు చచ్చిపోవడం కాదు, బతికిందే ఆ ముక్కు మీద.

దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఇంకోచోట పెట్టి చూసింది. మరక నడిమధ్యన, అంచు దగ్గర, తిరగేసి అడుగున.

బ్లీచింగ్ పౌడరు వాసన. వారం రోజులుగా కుళాయి నీళ్ళు కొడుతున్న వాసన. ఇంకేమీ లేదు.

ఆమె ఆ రాయిమీదే కూలబడింది. మెట్లవైపు తిరిగి పిలిచింది.

"చీమా! ఒకసారి పైకి రామ్మా."

చీమ వచ్చి, ఆఖరి మెట్టు మీదే ఆగింది. బడి గౌను వేసుకుంది గానీ గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టింది.

"ఇలా రా."

వచ్చింది. ఆమె గుండీలు విప్పి సరిగ్గా పెడుతూ, మొహం చూడకుండానే అడిగింది. "పక్క మీద నీళ్ళెందుకు పోశావు?"

"పొయ్యలేదు."

"సరే, పొయ్యలేదు. మరి నీళ్ళు ఎలా వచ్చాయి?"

చీమ ఆలోచించింది. అబద్ధం వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. ఎనిమిదేళ్ళ మొహంలో ఆ వెతుకులాట చూడటం ఆమెకి కష్టంగా ఉంది.

"నాయనమ్మ చెప్పింది," అంది చివరికి.

"ఏమని?"

"పక్క తడిపినన్నాళ్ళూ డబ్బులిచ్చారు, పక్క ఆరగానే ఆపేశారు, ఇదెక్కడి న్యాయం అని."

ఆ మాట ఆమెకీ గుర్తుంది. మెప్పు ఉరితాడైన సాయంత్రం, మొగుడూ పెళ్ళామూ ఒకళ్ళనొకళ్ళు కరుచుకుంటుంటే, గోడవారన కూర్చుని ముసలావిడ విసిరిన మాట అది. ఏడుస్తున్న తను కూడా ఆ మాటకి నవ్వింది. గది తలుపు తీసే ఉందని ఎవరికీ గుర్తులేదు.

"నాయనమ్మ ఎగతాళికి అందమ్మా."

"ఎగతాళంటే అబద్ధమా?"

లాండ్రీ అక్క చేతిలో గుండీ ఆగిపోయింది.

"అబద్ధం కాదు..."

"డబ్బులాగిపోతే ఈ గది ఉండదు. గది లేకపోతే నేనుండను. బాబాయి అన్నాడు. అదీ ఎగతాళేనా?"

"కాదు."

చీమ తల ఊపింది. లెక్క సరిపోయిందా లేదా అని చూసుకుంటున్నట్టు ఊపింది.

ఈ పిల్లని ఎవరైనా వాటేసుకుంటే కొయ్యలా బిగుసుకుపోతుంది. వచ్చినప్పటినుంచీ అంతే. చిటికెన వేలు ఒక్కటీ పట్టుకోనిస్తుంది. ఆమె ఆ వేలు పట్టుకుంది.

"ఇంకెప్పుడూ అలా చెయ్యకు. సరేనా?"

"మరి గది?"

"గది సంగతి పెద్దవాళ్ళం మేము చూసుకుంటాం."

"ఎలా?"

ఎలా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యాహ్నం మేడమ్‌కి నిజం చెప్తే, పిల్ల బాగున్నట్టే లెక్క. నెలాఖరుకి వాటా పోతుంది, దాంతో పిల్లా పోతుంది. చెప్పకపోతే, ఈ పసిది రోజూ పొద్దున్నే లేచి తన పక్క తనే పాడు చేసుకుంటూ ఈ ఇంటి అద్దె కడుతుంది. ఏదైనా దారి దొరుకుతుందేమో. ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఉంటే బాగుండు. ఒక్క రోజు. కనీసం ఈ ఒక్క పూట.

అప్పుడామె నోటివెంట వచ్చిన మాట ఇది: "ఈ సంగతి ఎవరికీ చెప్పకు. మనిద్దరి మధ్యే ఉండనీ."

చీమ తలెత్తి చూసింది. మెల్లిగా, చాలా మెల్లిగా, ఆ మొహం విప్పారింది. ఇంట్లో ఒక పెద్ద పనికి తనని కూడా చేర్చుకున్నారన్న సంబరం అందులో ఉంది.

లాండ్రీ అక్కకి ఆ నవ్వు చూడగానే ఏదో తప్పు మాట అనేశానని తెలిసింది. ఏం తప్పో సరిదిద్దేలోగా కిందనుంచి ఇంటివాళ్ళ అరుపు వినపడింది, పరుపు జారి వాళ్ళ గుమ్మం మీదికి వేలాడుతోందని.

*

మేడమ్ అన్నవేళకే వచ్చింది. హెల్మెట్ తీసి కిటికీలో పెట్టి, ఇచ్చిన మంచినీళ్ళు గడగడా తాగి, కొంగుతో మెడ తుడుచుకుంది. చెడ్డమనిషి కాదు. చేతికింద ఇలాంటి పిల్లలు ఎంతమందో, ఇలాంటి మేడమెట్లు ఎన్నో. కళ్ళకింద నలుపు ఆ సంగతి చెప్తుంది.

మొగుడు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. చేతులకి గ్రీజు ఇంకా వదల్లేదు. అత్తగారు గోడవారన కాళ్ళు చాపుకుని మోకాలికి నూనె రాసుకుంటోంది. చీమని బడికి పంపలేదు. అది మంచం మీద, పరుపు లేని చెక్కల మీద, కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. లాండ్రీ అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"పరుపు ఎక్కడ?" అంది మేడమ్.

"డాబా మీద ఎండేశాం మేడమ్," అన్నాడు మొగుడు. "కావాలంటే చూపిస్తాను."

"నేను పరుపుని చూడటానికి రాలేదండీ. పిల్లని చూడటానికొచ్చాను."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

"నా ఇబ్బంది కూడా చెప్తాను, వినండి. పోయిన వారం నేనే రాసిచ్చాను, పిల్ల పూర్తిగా కోలుకుందని. ఇప్పుడు నేనే మళ్ళీ చెడిందని రాయాలి. పైవాళ్ళు ఊరుకోరు. బాగుపడిన పిల్ల ఎందుకు చెడింది, ఆ ఇంట్లో ఏం జరిగింది అని అడుగుతారు. నేను జవాబు చెప్పాలి."

ఏం జరిగింది అన్నచోట ఆవిడ చూపు అందరి మీదా ఒకసారి తిరిగింది.

"ఏం జరగలేదు మేడమ్," అన్నాడు మొగుడు. "పసిపిల్లలు కదా. జ్వరం తిరగబెట్టినట్టు ఇదీ తిరగబెట్టింది. ప్రత్యేక భత్యం ఇంకొన్నాళ్ళు ఉంచితే అదే..."

"అదే తగ్గుతుందా?" అంది మేడమ్.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మోకాలు రాసుకుంటున్న చెయ్యి ఆపకుండానే అత్తగారు అంది: "డబ్బుతో తగ్గే జబ్బులే ఎక్కువమ్మా లోకంలో. మా మోకాలిక్కూడా అదే మందు."

మేడమ్ నవ్వాలా వద్దా అనుకుని, మానేసింది. "మీరేమంటారు?" అని లాండ్రీ అక్కవైపు తిరిగింది. "రోజంతా ఉండేది మీరు. మీకేమనిపిస్తోంది?"

చెప్పాలంటే అదే సమయం. నోరు తెరిచింది కూడా. మంచం మీంచి చీమ ఆమెనే చూస్తోంది. పెదాలు బిగించి, కళ్ళు మెరిపిస్తూ. మనిద్దరి మధ్యే అన్న మాటని కాపలా కాస్తోంది.

"నాకేం పాలుపోవట్లేదు మేడమ్," అంది.

అదీ నిజమే. కానీ అడిగిన నిజం అది కాదు.

మేడమ్ లేచి వెళ్ళి మంచం దగ్గర నేలమీద చతికిలబడింది. పిల్ల మొహం కన్నా తన మొహం కిందుగా ఉండేలా. "ఏమ్మా, నిద్ర పట్టట్లేదా?"

"పట్టట్లేదు," అంది చీమ.

అబద్ధం. రాళ్ళు మోసినదానిలా పడి నిద్రపోతుంది.

"అన్నం తింటున్నావా?"

"సయించట్లేదు."

ఆ మాట అత్తగారిది. ఎప్పుడూ అనే మాట. ముసలావిడ చెయ్యి మోకాలి మీద ఆగింది.

"ఇదివరకులాగా భయమేస్తోందా?"

"వేస్తోంది."

ప్రతి జవాబుకీ మేడమ్ మొహం ఇంకాస్త మెత్తబడుతోంది. చీమకది కనపడుతోంది. సరైన దారిలోనే పోతున్నానని దానికి తెలుస్తోంది. లాండ్రీ అక్క గుమ్మం దగ్గర్నుంచి దాని చూపు అందుకోవాలని చూసింది. ఇక ఆపాలి. ఏమని ఆపాలి?

"ఎవరంటే భయం నాన్నా?"

చీమ ఆగింది.

ఈ ప్రశ్న దానికి కొత్తది కాదు. చాలా రోజుల కింద, ఇంకో ఇంట్లోంచి తీసుకొచ్చినప్పుడు, ఇలాగే ఎవరో నేలమీద చతికిలబడి ఇదే అడిగారు. అప్పుడది ఒక మగమనిషి సంగతి చెప్పింది. అది నిజం. చెప్పినందుకే ప్రత్యేక భత్యం వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు అనుకున్నారో, అది ఎన్నిసార్లు విన్నదో.

చీమ గదంతా చూసింది. గోడవారన నాయనమ్మ. గుమ్మంలో పిన్ని. ముక్కాలిపీట మీద బాబాయి.

"బాబాయంటే," అంది.

ప్రెస్సు మిషను ఎప్పుడు ఆగిందో తెలియదు. వీధంతా చెవులు రిక్కించినట్టుంది.

మొగుడు లేవలేదు, అరవలేదు. గ్రీజు చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, వాటిలో ఏదో ఉందన్నట్టు చూసుకుంటున్నాడు. తలుపులంటే భయపడే పిల్లకి లోపల్నుంచి వేసుకోవడానికి అందే ఎత్తులో గడియ ఉండాలని, షెడ్డులో మధ్యాహ్నం తిండి మానేసి ఇత్తడి గడియ తరిగి తెచ్చి బిగించినవాడు.

"నేనేం..." అన్నాడు. అంతే.

మేడమ్ చాలా నిదానంగా లేచింది. గొంతు మారలేదు. మారకపోవడమే భయంగా ఉంది.

"మీరు కాసేపు కింద వీధిలో ఉండండి," అంది ఆయనతో. లాండ్రీ అక్కతో, "పిల్ల బట్టలు సర్దండి. నేను తీసుకెళ్తున్నాను."

"మేడమ్, అబద్ధం! అది అబద్ధం చెప్తోంది!" లాండ్రీ అక్క గుమ్మం వదిలి గది మధ్యకి వచ్చింది. "పక్క తడపడమూ అబద్ధమే. దుప్పటి మీద నీళ్ళు పోసుకుంది. డబ్బులాగిపోతే తనని పంపించేస్తామని భయపడి పోసుకుంది. నేను వాసన చూశాను. నన్ను నమ్మండి, మా ఆయన అలాంటి మనిషి కాదు."

"ఎప్పుడు చూశారు వాసన?"

"పొద్దున."

"పొద్దుననుంచీ తెలుసు. నేనొచ్చి ఇంతసేపైంది. మీరేమంటారు అని మిమ్మల్నే అడిగాను." మేడమ్ ఆమె కళ్ళలోకి చూసింది. "అప్పుడెందుకు చెప్పలేదు?"

లాండ్రీ అక్క చూపు చీమ మీదికి పోయింది.

"మా ఆయన అలాంటి మనిషి కాదు అన్న మాట నేను వినని ఇల్లు లేదమ్మా," అంది మేడమ్. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "జరిగిన ఇళ్ళలోనూ అంటారు, జరగని ఇళ్ళలోనూ అంటారు. నేను తేడా ఎలా చెప్పను? ఆఫీసులో నెమ్మదిగా అడుగుతాం. అప్పటిదాకా పిల్ల ఇక్కడ ఉండటానికి లేదు."

అంటూనే తనే అలమర తెరిచింది. మడతపెట్టిన గౌనులు, మేజోళ్ళు, దువ్వెన సంచీలో వేస్తోంది. మొగుడు లేచాడు. చెప్పులు వెతుక్కున్నాడు. కాళ్ళకే ఉన్నాయి. గుమ్మం దాకా వెళ్ళి, బయటికి పోలేక, లోపలికి రాలేక అక్కడే ఆగిపోయాడు.

చీమ కాళ్ళు ఊపడం మానేసింది. సంచీ వంక చూసింది. తన గౌను సంచీలోకి వెళ్ళడం చూసింది. తెల్లబోయిన మొహంతో మంచం దిగి వచ్చి, లాండ్రీ అక్క చిటికెన వేలు పట్టుకుంది.

"పిన్నీ, సరిపోలేదా?" అంది. "ఇంకా చెప్పనా?"

గుసగుసలాడాననుకుంది పాపం. గదిలో అందరికీ వినపడింది.

మేడమ్ చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. ఆవిడ తిరిగి, ముందు పిల్లని చూసింది, తర్వాత పిల్ల పట్టుకున్న వేలిని చూసింది, తర్వాత ఆ వేలుగల మనిషిని చూసింది. మెత్తదనమంతా ఆ మొహంలోంచి దిగిపోయింది.

"ఇదంతా ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను?"

చీమ పెదాలు బిగించింది. ఇందాక మంచం మీద బిగించినట్టే, గట్టిగా. కళ్ళు మాత్రం పిన్ని మీదే ఉన్నాయి.

"చెప్పు తల్లీ. ఎవరూ ఏమీ అనరు. పిన్ని చెప్పమందా?"

"నేనా!" అంది లాండ్రీ అక్క. ఆ ఒక్క మాటా ఎంత బొంగురుగా వచ్చిందంటే, ఒప్పుకున్నట్టే ఉంది.

"మిమ్మల్ని అడగలేదు."

"దాన్నెందుకు పీక్కుతింటారు?"

అత్తగారు. గోడ పట్టుకుని లేస్తోంది. పట్టేసిన మోకాలు మడత పడక, ఒక కాలు ఈడ్చుకుంటూ, కొడుకు అందించబోయిన చెయ్యి తోసేసి లేచింది. నూనె అంటిన చెయ్యి గోడ మీద జిడ్డుగా జారింది.

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడు కొడుకు గుమ్మంలోంచి.

"ఊరుకున్నది చాల్లేరా." ముసలావిడ పమిట సర్దుకుని మేడమ్‌కి ఎదురుగా వచ్చి నిలబడింది. "నీళ్ళెవరు పొయ్యమన్నారో, మాటలెవరు నేర్పారో, అన్నీ నన్నడగండి."

మొన్నా నిన్నా తను లేవకముందే సబ్బునీళ్ళలో మునిగిన దుప్పటి గుర్తొచ్చి, లాండ్రీ అక్క అత్తగారి మొహంలోకి చూసింది. ఎగతాళి ఎక్కడైనా దాగి ఉందేమోనని, ఎప్పుడూ దాగి ఉండే మూతి చివర వెతికింది.

అక్కడ ఏమీ లేదు.